వేరుబుడిపె నులిపురుగు: వేపపిండి వేసినా కొన్ని తోటలు ఎందుకు తేరుకోవు?

గోదావరి డెల్టాలో గౌతమి, వసిష్ఠ పాయల మధ్య లంకల్లో కూరగాయలు పండించేవాళ్ల దగ్గర వేపపిండి (వేపగింజల నూనె తీశాక మిగిలే చెక్క పొడి) గురించి రెండు మాటలూ వినపడతాయి. "వేపపిండి వేశాక తోట తేరుకుంది" అనేవాళ్లున్నారు. "బస్తాలకు బస్తాలు కుమ్మరించాం, వేర్లకు బుడిపెలు తగ్గనే లేదు" అనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి మాటా నిజమే. పిండి ఒకటే అయినా, ఎంత మట్టిలో ఎంత పడింది, నాటడానికి ఎన్నాళ్ల ముందు పడింది, అప్పుడు నేలలో తడి ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. ఈ లెక్క తెలియకపోతే డబ్బూ పోతుంది, నమ్మకమూ పోతుంది. నమ్మకం పోవడమే నాకు ఎక్కువ బాధ. ఒకసారి వేపపిండి మీద ఆశ వదులుకున్న రైతు మళ్లీ పురుగుమందు గుళికల సంచీ వైపే చూస్తాడు. రెండు రోజులకోసారి కోసి సంతకు పంపే బెండకాయ మొదట్లో గుళికలు పడటం అంటే ఆ విషం ఎవరి కంచంలోకి వెళ్తుందో చెప్పక్కర్లేదు. ఫోరేట్ గుళికలను కేంద్రం 2020 చివరి నుంచి పూర్తిగా నిషేధించింది కూడా.

సేంద్రియ పదార్థాలతో నులిపురుగును అదుపు చేయడం గురించి చాలా చోట్ల "ఎకరానికి ఇంత వేయండి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. ఆ ఒక్క ముక్క వెనక ఉన్న సంగతులు విడమరిచి చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

శత్రువు ఎవరు?

మెలాయిడోగైనీ ప్రజాతికి చెందిన సన్నటి నులిపురుగులు ఇవి. మన కూరగాయల్లో ఎక్కువగా కనిపించేవి ఇన్‌కాగ్నిటా, జవానికా అనే రెండు జాతులు. గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్లపురుగు పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. మట్టి రేణువుల చుట్టూ ఉండే పల్చటి నీటి పొరలో కదులుతూ వెళ్లి, లేత వేరు కొన దగ్గర లోపలికి దూరుతుంది. లోపల ఒకచోట కుదురుకుని, తల చుట్టూ ఉన్న కొద్దిపాటి కణాలను తన స్రావాలతో మార్చేస్తుంది. ఆ కణాలు బాగా పెద్దవై, మొక్క తయారుచేసుకున్న ఆహారాన్ని పురుగుకు అందించే పనిలో పడతాయి. చుట్టూ వేరు ఉబ్బి బుడిపె కడుతుంది. ఆడపురుగు ఇక అక్కణ్నుంచి కదలదు. లోపలే లావెక్కి, జిగురు ముద్దలో మూడు నాలుగు వందల గుడ్లు పెడుతుంది. ఇన్‌కాగ్నిటాకు గుడ్లు పెట్టడానికి మగపురుగుతో పని లేదు. మన వేడిలో ఈ చక్రం ఒకసారి తిరగడానికి సుమారు నెల పడుతుంది. అంటే నాలుగు నెలలు నిలిచే వంగ తోటలో ఒక్క పురుగు మూడు తరాల సంతానాన్ని చూస్తుంది.

పైన చూస్తే ఇది పురుగు పని అని తట్టదు. మొక్క ఎదుగూ బొదుగూ లేకుండా ఉంటుంది, ఆకు పసుపు తిరుగుతుంది. నీళ్లు పెట్టినా మధ్యాహ్నం ఎండకు వాడి, సాయంత్రానికి తేరుకుంటుంది. తోట అంతటా ఒకేలా ఉండదు, అక్కడో మడి ఇక్కడో మడి కుంగిపోతుంది. చాలామంది ఎరువు చాల్లేదనుకుని యూరియా వేస్తారు. పీల్చుకునే వేరే దెబ్బతిన్నాక యూరియా ఏం చేస్తుంది?

అనుమానం వస్తే మొక్కను చేత్తో లాగకండి, సన్న వేర్లు మట్టిలోనే తెగిపోతాయి. పారతో మట్టిగడ్డతో సహా లేపి, బకెట్ నీళ్లలో కాసేపు నానబెట్టి మెల్లగా కడగండి. బెండ వేరైతే పూసలు గుచ్చినట్టు ఒకదాని పక్కన ఒకటి బుడిపెలు కనిపిస్తాయి. ఆ బుడిపెల మీద అక్కడక్కడా గోధుమ రంగులో, గుండుసూది తలకంటే చిన్న జిగురు చుక్కలుంటాయి. ఒక్కో చుక్క ఒక గుడ్ల ముద్ద. మినుము, పెసర, చిక్కుడు వేర్ల మీద మాత్రం తొందరపడకూడదు. వాటికి నత్రజనిని స్థిరీకరించే మంచి బుడిపెలు కూడా ఉంటాయి. మంచి బుడిపె వేరు పక్కకు అతుక్కుని ఉంటుంది, గోటితో గీరితే ఊడొస్తుంది, చిదిమితే లోపల లేత ఎరుపు కనిపిస్తుంది. నులిపురుగు బుడిపె వేరులోనే భాగం, వేరు తెగితే తప్ప ఊడదు.

దేశం మొత్తం మీద నులిపురుగుల వల్ల ప్రధాన పంటల్లో నష్టం 21.3 శాతం ఉంటుందనీ, దాని విలువ ఏడాదికి దాదాపు 10,200 కోట్ల రూపాయలనీ 2020లో నులిపురుగు శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. దీనికి తోడు పురుగు చేసిన గాయాల్లోంచి ఎండు తెగులు శిలీంధ్రం, వంగ, టమాటాల్లో బాక్టీరియా వడలు తెగులు తేలిగ్గా లోపలికి దూరతాయి. చెట్టు నిలువునా చచ్చిపోతే తెగులు అంటాం, దారి చేసిచ్చింది మాత్రం పురుగు.

డెల్టాలో ఎక్కడ ఎక్కువ, ఎందుకు ఎక్కువ

డెల్టా అంతా ఒకే నేల కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీరు అందిన పల్లపు చేలు చాలావరకు బరువైన బంకమట్టి. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) రెండూ వరే. నెలల తరబడి నీళ్లు నిలిచే ఆ చేలలో కూరగాయల నులిపురుగు బతికి బట్టకట్టడం కష్టం. వరికి సొంత నులిపురుగులు వేరే ఉన్నాయి, వాటి సంగతి ఇక్కడ వద్దు. లంకలు, ఏటిగట్టు పక్క గరప నేలలు, అంతర్వేది వైపు ఇసుక నేలలు అలా కాదు. ఇసుక పాలు ఎక్కువ, గాలి బాగా ఆడుతుంది, పురుగు కదలడానికి సందులుంటాయి. పైగా అక్కడ ఒకదాని తర్వాత ఒకటి వేసేవన్నీ దానికి ఇష్టమైనవే: వంగ, బెండ, టమాటా, గోంగూర, దోస, బీర, కాకర, సొర. అరటి, కంద, పసుపు, తమలపాకు కూడా దాని ఆహారమే. రావులపాలెం చుట్టుపక్కల అరటి తీసేసిన నేలలో వెంటనే వంగ పెడితే, అప్పటికే బలిసిన పురుగుకు విస్తరి వేసి వడ్డించడమే. వరి తర్వాత మినుము, పెసర వేసే చోట కూడా జాగ్రత్త అవసరం. ఈ అపరాలు రెండూ దానికి ఆశ్రయమిస్తాయి. నువ్వుల పంట మాత్రం అంతగా ఇవ్వదు.

వరదొచ్చి లంక మునిగింది కాబట్టి పురుగు చచ్చిపోయి ఉంటుందనుకోవడం పొరపాటు. వారం పది రోజుల మునక గుడ్ల ముద్దల్ని చంపదు. దమ్ము చేసి రెండు మూడు నెలలు నీళ్లు నిలబెట్టిన చేనుకూ, ఏరు వచ్చి తీసిపోయిన తోటకూ చాలా తేడా ఉంది. వరద చేసేది ఒక తోట మట్టిని ఇంకో తోటలో పోయడం. నులిపురుగు తన ఒంటి శక్తితో ఒక పంటకాలంలో మీటరు దూరం కూడా కష్టం మీద వెళ్తుంది. దాన్ని ఊళ్లు దాటించేది నీళ్లు, ట్రాక్టరు చక్రాలు, నారు, మట్టిముద్దతో వచ్చే మొక్కలు. జామను నాశనం చేసే ఎంటెరోలోబీ అనే ఇంకో జాతి మన దేశంలో 2016లో తమిళనాడులో నమోదైంది. ఆ తర్వాత అంటు మొక్కల వెంట ఎన్నో చోట్లకు పాకింది. టమాటాలో నులిపురుగును తట్టుకునే జన్యువున్న రకాలు కూడా దీనికి లొంగిపోతాయి. అసలు ఆ జన్యువే నేల వేడి 28 డిగ్రీలు దాటితే సరిగ్గా పనిచేయదు. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ నెలలు నేల అంతకంటే వేడిగానే ఉంటుంది కాబట్టి, తట్టుకునే రకం అని ప్యాకెట్ మీద ఉన్నంత మాత్రాన నిశ్చింతగా కూర్చోలేం.

కుళ్లేటప్పుడే పని జరుగుతుంది

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. సేంద్రియ పదార్థం నేలలో కుళ్లేటప్పుడు నులిపురుగులు తగ్గుతాయని 1938లో హవాయి అనాస తోటల్లో పనిచేసిన లిన్‌ఫర్డ్ బృందం చూపించింది. తరిగిన అనాస ఆకును మట్టిలో కలిపారు. మన దేశంలో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఆర్.ఎస్. సింగ్, కె. సీతారామయ్య 1960ల నుంచి నూనె చెక్కలతో, రంపపు పొట్టుతో బెండ, టమాటాల మీద వరసగా ప్రయోగాలు చేశారు. ఆ తర్వాత అమెరికాలో ఆబర్న్ విశ్వవిద్యాలయంలో రోడ్రిగెజ్-కబానా ఇందులో ఉన్న రసాయన లెక్కను తేల్చారు. వీళ్లందరి పని కలిపి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. సంచీలో ఉన్న పిండికి ఉన్న బలం కొంతే. ఎక్కువ బలం అది నేలలో కుళ్లేటప్పుడు పుడుతుంది.

నత్రజని ఎక్కువున్న పదార్థం కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. అది నులిపురుగుకు విషం. అమ్మోనియా వాయువుగా ఉండాలంటే నేల కొంచెం క్షారం వైపు ఉండాలి. మన డెల్టా నేలలు ఎక్కువగా తటస్థం నుంచి క్షారం వైపే ఉంటాయి కాబట్టి ఇది మనకు కలిసొచ్చే సంగతి. కుళ్లేటప్పుడు బ్యూటిరిక్, ఎసిటిక్ లాంటి ఆమ్లాలు కూడా వస్తాయి, ముఖ్యంగా గాలి ఆడని తడి నేలలో. వేపపిండిలో వీటికి తోడు అజాడిరాక్టిన్, నింబిన్, సాలన్నిన్ లాంటి చేదు పదార్థాలు ఉన్నాయి. పైగా వేప అమ్మోనియం రూపంలోని నత్రజని తొందరగా నైట్రేటుగా మారకుండా అడ్డుపడుతుంది. యూరియాకు వేపనూనె పూత పూయడం వెనకున్న కారణం అదే. కాబట్టి వేపపిండి వేసిన మట్టిలో అమ్మోనియం ఇంకొన్నాళ్లు ఎక్కువ నిలుస్తుంది. చివరగా, కుళ్లే పదార్థం మీద శిలీంధ్రాలు, బాక్టీరియా విపరీతంగా పెరుగుతాయి. వాటిలో కొన్ని నులిపురుగు గుడ్లను తింటాయి, కొన్ని పురుగును ఉచ్చు వేసి పట్టుకుంటాయి. ఇవన్నీ ఒకేసారి జరగవు. అమ్మోనియా మొదటి రెండు మూడు వారాల్లో వచ్చి పోతుంది. జీవుల పని నెమ్మదిగా మొదలై ఎక్కువ కాలం సాగుతుంది.

కర్బనం, నత్రజని పాళ్లు ఇక్కడ కీలకం. పదార్థంలో కర్బనం నత్రజనికి 12 నుంచి 20 రెట్ల మధ్య ఉంటే పురుగు తగ్గుతుంది, మొక్కకూ హాని ఉండదని రోడ్రిగెజ్-కబానా చెప్పారు. అంతకంటే నత్రజని ఎక్కువైతే పురుగుతో పాటు మొక్క వేరూ మాడుతుంది. కర్బనం మరీ ఎక్కువైతే కుళ్లబెట్టే సూక్ష్మజీవులే నేలలో నత్రజని అంతా తినేసి మొక్కను పస్తు పెడతాయి. పచ్చి కొబ్బరిపీచు పొట్టులో కర్బనం నత్రజనికి వంద రెట్లు దాటుతుంది. ఊకదీ దాదాపు అదే పరిస్థితి. కోళ్ల పెంట, వేపపిండి, ఆముదం చెక్క, కానుగ చెక్క ఇంకో వైపు ఉంటాయి. వేపపిండిలో నత్రజని సుమారు 5 శాతం. 50 కిలోల పిండికి 50 కిలోలు సన్నగా తరిగిన వరిగడ్డి కలిపితే ఆ నిష్పత్తి పదిహేను దగ్గరకొస్తుంది. గడ్డికి కొదవ లేని డెల్టాలో ఈ మిశ్రమం తయారుచేయడం పెద్ద పని కాదు. పిండి ఒక్కటే గుమ్మరించి మొక్క మాడితే పిండిని తిట్టడం కంటే ఇది మేలు.

ఎకరం లెక్క, పాదు లెక్క

చాలామంది దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కాస్త ఓపిగ్గా చూద్దాం. కుండీల్లో చేసిన ప్రయోగాల్లో వేపపిండి మట్టి బరువులో అర శాతం నుంచి ఒక శాతం దాకా కలుపుతారు, ఫలితం బ్రహ్మాండంగా వస్తుంది. ఆ ఫలితం చదివి రైతుకు "ఎకరానికి 200 కిలోలు" అని చెబుతారు. ఎకరం నేలలో పై జానెడు మట్టి బరువు దాదాపు తొమ్మిది లక్షల కిలోలు. అందులో 200 కిలోలు వెదజల్లితే అయ్యేది 0.02 శాతం. అర శాతం రావాలంటే నాలుగున్నర టన్నులు కావాలి. ఏ కూరగాయ రైతూ అంత పెట్టుబడి పెట్టలేడు. 200 కిలోల పిండిలో ఉన్న నత్రజని పది కిలోలు, అర బస్తా యూరియాతో సమానం. అందువల్ల చల్లిన పిండి మంచి ఎరువుగా పనిచేస్తుంది, మొక్క కాస్త పచ్చబడుతుంది, పురుగు మాత్రం అలాగే ఉంటుంది.

అదే 200 కిలోలను పాదుల్లో పెట్టండి. పందిరి కట్టి బీర, కాకర, సొర పాకించే తోటలో రెండు మీటర్లకో పాదు తీస్తే ఎకరానికి వెయ్యి పాదులొస్తాయి. పాదుకు 200 గ్రాములు. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంతలో ఉండే మట్టి 35, 40 కిలోలు. అంటే ఆ మట్టిలో పిండి అర శాతం అయింది, కుండీ ప్రయోగంలో ఉన్న స్థాయికి వచ్చేసింది. అదే డబ్బు, అదే సంచీలు. మొక్క చిన్నప్పుడు వేర్లన్నీ ఆ గుంతలోనే ఉంటాయి. మొదటి నెలా నెలన్నర పురుగు తాకిడి తగ్గితే మొక్క నిలదొక్కుకుంటుంది. ఆ తర్వాత బయటి మట్టిలోకి వెళ్లిన వేర్లకు బుడిపెలొచ్చినా కాపు మీద దెబ్బ అంతగా ఉండదు. బెండ, వంగ సాళ్లలో వేసేవాళ్లు సాలు అడుగునే పిండి పరిచి మట్టితో కలపాలి, సాళ్ల మధ్య ఖాళీ నేలకు వేయడం దండగ.

గుంతలో ఈ మోతాదు వేసిన రోజే గింజ పెడితే అమ్మోనియాకు మొలక మాడుతుంది. పిండి కలిపి, తడిపి, కనీసం పదిహేను ఇరవై రోజులు ఆగాలి. మధ్యలో నేల ఎండితే కుళ్లడం ఆగిపోతుంది. పొడి మట్టిలో వేపపిండి నెల రోజులున్నా ఏమీ చేయదు. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక బోరు లేని చోట ఈ పని పెట్టుకోవద్దని నేననేది అందుకే. ఇంకో జాగ్రత్త, పిండిని నేల మీద వదిలేయొద్దు. వేపలోని చేదు పదార్థాలు ఎండకు కొద్ది రోజుల్లోనే విరిగిపోతాయి. వేసిన పూటే మట్టిలో కలిపేయాలి.

కొనేటప్పుడు పిండి వాసన చూడండి. మంచి వేపపిండికి ఘాటైన, వెల్లుల్లిని తలపించే వాసన ఉంటుంది, నాలుకకు తగిలితే చేదు వదలదు. మట్టి రంగులో ఉండి, వాసన లేకుండా, గుప్పెడు తీసి నీళ్లలో వేస్తే అడుగున ఇసుక మిగిలే పిండిని చవకగా ఇస్తున్నారని తీసుకోవద్దు.

మన చుట్టూ దొరికే మిగతా సరుకు

కానుగ, ఆముదం చెక్కలు వేపకు దగ్గర్లోనే పనిచేస్తాయి, మోతాదు, గడువు అవే. ఆముదం చెక్క పశువుల నోటికి అందకుండా చూసుకోవాలి, అది వాటికి విషం.

కోళ్ల పెంట గురించి వేరే చెప్పాలి. అనపర్తి, తణుకు వైపు కోళ్ల ఫారాల వల్ల డెల్టాలో ఇది సులువుగా దొరుకుతుంది, అమ్మోనియా బాగా పుట్టిస్తుంది. అందుకే పచ్చి పెంటను నిలబడి ఉన్న తోటలో వేయకూడదు. ఖాళీ నేలలో వేసి, కలియదున్ని, తడిపెట్టి, మూడు వారాల తర్వాత నాటితే పురుగు మీద దాని బలం కనపడుతుంది. ఉప్పు పాలు ఉంటుంది కాబట్టి ఏటా అదే మడిలో పోయొద్దు.

కొబ్బరిపీచు పొట్టు కోనసీమలో గుట్టలు గుట్టలుగా పడుంటుంది. నులిపురుగుకు మందు అని పచ్చిది తెచ్చి తోటలో పోయడం వల్ల లాభం లేదు. కుళ్లబెట్టి వాడితే ఇసుక నేలలో తేమ నిలపడానికి మాత్రం దానికి సాటి లేదు, తేమ నిలిచిన చోట దెబ్బతిన్న వేరు కూడా మొక్కను కొంత పోషించగలదు. బాగా కడిగి కుళ్లబెట్టిన పొట్టును ట్రేల్లో నింపి నారు పెంచితే అసలు పురుగు లేని నారు చేతికొస్తుంది. నా దృష్టిలో దాని అసలు ఉపయోగం అదే.

భీమవరం పరిసరాల్లో రొయ్యల తలలు, పెంకులు దొరుకుతాయి. వాటిలోని కైటిన్‌ను (పెంకుకు గట్టిదనమిచ్చే పదార్థాన్ని) తినే సూక్ష్మజీవులు నేలలో పెరిగితే నులిపురుగు గుడ్ల పెంకును కూడా కరిగిస్తాయి, ఎందుకంటే ఆ పెంకులోనూ కైటిన్ ఉంది. సిద్ధాంతం చక్కగా ఉంది, ప్రయోగాల్లో రుజువూ ఉంది. చిక్కల్లా మోతాదే. ఒక శాతం లెక్కన వేయాలంటే ఎకరానికి టన్నులు కావాలి, పచ్చివి వేస్తే కంపు, ఈగలు, ఉప్పు. పశువుల ఎరువుతో పాటు గుంతలో మాగబెట్టి పాదుల్లో వాడుకోవడమే కుదిరే పని.

చివికిన పశువుల ఎరువుకు అమ్మోనియా బలం లేదు, ఎందుకంటే కుళ్లడం అప్పటికే అయిపోయింది. దానితో పురుగు వెంటనే చావదు. మేలు చేసే శిలీంధ్రాలకు అది మంచి ఇల్లు. 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా (మేలు చేసే శిలీంధ్రం) పొడి కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనెపట్టా కప్పి పదిహేను రోజులుంచే పద్ధతి మన రైతులకు ఎప్పటి నుంచో తెలుసు. నులిపురుగు కోసమైతే గుడ్లను తినే పర్పురియోసిలియం (పాత పేరు పాసిలోమైసెస్), పొకోనియా అనే శిలీంధ్రాలను కూడా ఇలాగే పెంచి వేయొచ్చు. ఒక్క విషయం మరిచిపోవద్దు. పచ్చి కోళ్ల పెంటా, శిలీంధ్రాల ఎరువూ ఒకేసారి వేస్తే అమ్మోనియా ఈ మంచి శిలీంధ్రాలనూ చంపేస్తుంది. ముందు కుళ్లే సరుకు, మూడు వారాలయ్యాక నాటేటప్పుడు శిలీంధ్రాల ఎరువు. ఈ వరస తప్పితే రెండు ఖర్చులూ వృథా.

నీళ్లు, తవుడు, బంతి

డెల్టాకు ఉన్న పెద్ద బలం నీళ్లు. 1960ల్లో అమెరికాలోని లూసియానా వరిచేలలో హాలిస్, రోడ్రిగెజ్-కబానాలు చేసిన పనిలో, నీళ్లు నిలిచిన నేలలో సేంద్రియ పదార్థం కుళ్లినప్పుడు పుట్టే బ్యూటిరిక్ ఆమ్లం, హైడ్రోజన్ సల్ఫైడ్ నులిపురుగుల్ని చంపుతాయని తేలింది. దమ్ము చేసి వరి వేసిన చేను కూరగాయల పురుగుకు ఎందుకు చావుదెబ్బో అర్థమైంది కదా? నీళ్లు నిలపగలిగిన చోట వంగ, బెండలతో చీడపట్టిన మడిని ఒక సార్వా వరికి మార్చడం ఏ పిండి కంటే కూడా గట్టి దెబ్బ.

నీళ్లు నిలవని లంక నేలలో ఇదే సూత్రాన్ని చిన్న స్థలంలో వాడుకోవచ్చు. జపాన్‌లో గోధుమ, వరి తవుడుతో ఈ పద్ధతి బాగా పాతుకుంది. నారుమడిలో చదరపు మీటరుకు కిలో తవుడు చల్లి జానెడు లోతు కలిపి, మట్టి పూర్తిగా తడిసి ముద్దయ్యేలా నీళ్లు పెట్టి, గాలి చొరకుండా పాలిథిన్ కప్పి అంచుల మీద మట్టి వేయాలి. మూడు వారాల తర్వాత తీసి, తవ్వి, వారం పది రోజులు గాలి తగలనిస్తే మడి సిద్ధం. వేసవిలో అయితే ఇంకా బాగా పనిచేస్తుంది. రైస్ మిల్లు లేని ఊరే లేని డెల్టాలో ఈ పద్ధతి ఇంకా అందరికీ తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఎకరం వంగకు కావలసిన నారుమడి రెండు మూడు సెంట్లే, ఎనభై నుంచి నూట ఇరవై చదరపు మీటర్లు. శుభ్రమైన నారుతో మొదలైన తోటకూ, బుడిపెలున్న నారుతో మొదలైన తోటకూ కాపులో పోలికే ఉండదు. పెట్టుబడి తక్కువున్నవాళ్లు ఖర్చంతా నారుమడి మీదే పెట్టమంటాను.

బంతి గురించి కూడా ఒక మాట. కడియం వైపు పూల తోటలు ఎక్కువ కాబట్టి తోటలో రెండు వరసల బంతి వేస్తే నులిపురుగు పోతుందని నమ్మేవాళ్లు చాలామంది. బంతి వేరులో ఆల్ఫా-టెర్థినిల్ అనే విషపదార్థం ఉందని 1958లోనే కనుక్కున్నారు. అది బతికున్న వేరు దగ్గరే పనిచేస్తుంది. అందువల్ల మడి అంతా ఒత్తుగా బంతి వేసి రెండు నెలలకు పైగా ఉంచితేనే తర్వాతి పంటకు లాభం. గట్ల మీద నాలుగు మొక్కలు పువ్వులమ్ముకోవడానికి పనికొస్తాయి. పచ్చిరొట్టకైతే జనుము వేయడం మంచిది, దాని వేర్లలో ఈ పురుగు సరిగ్గా పెరగలేదు.

ఇవన్నీ చేసినా చేరలేని చోట్లు రెండున్నాయి. అడుగు లోతు దాటాక మట్టిలో ఉన్న పురుగు మీద పిండి ప్రభావం లేదు, నెలా రెండు నెలల్లో అది పైకొస్తుంది. పాత వేర్ల బుడిపెల్లో దాగిన ఆడపురుగుకు, గుడ్లకు అమ్మోనియా సరిగా తగలదు. అందుకే ఆఖరి కోత అయ్యాక కాడలు కోసి వేర్లు నేలలో వదిలేయడం అన్నిటికంటే పెద్ద నష్టం. ఆ వారంలోనే వేర్లు తవ్వి ఎండబెట్టి తగలబెట్టాలి. కాలువలు కట్టేసిన ఎండల్లో పది పదిహేను రోజుల ఎడంతో రెండు మూడు దుక్కులు దున్నితే మిగిలిన గుడ్లు చాలావరకు ఎండిపోతాయి. ఈ పనికి కూలి ఖర్చే.

వేసింది పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి తోటలో నాలుగు వరసలు ఏమీ వేయకుండా వదలండి. నాటిన నలభై ఐదో రోజు అక్కడ ఐదు మొక్కలు, పిండి వేసిన చోట ఐదు మొక్కలు పారతో లేపి, కడిగి, పక్కపక్కన పరిచి చూడండి. పిండి వేసిన వేర్లలో సన్న వేర్లు తెల్లగా, గుబురుగా ఉండి బుడిపెలు చిన్నవిగా ఉంటే మోతాదు సరిపోయినట్టు. రెండూ ఒకేలా ఉంటే తడి చాలకో, గడువు చాలకో, పిండి పల్చబడో ఉండాలి, వచ్చే పంటకు ఆ ఒక్కటి సరిచేసి చూడాలి. రెండో ఏడాది కూడా తేడా కనపడకపోతే, నీళ్లు నిలిచే నేలైతే వరికీ, నిలవకపోతే నువ్వుకో జనుముకో ఆ మడిని ఒక పంటకాలం వదిలేయాలి.